రెండు పిడుల గాలపు కర్ర

నా పదవీ విరమణ రోజున శాలువా కప్పి మైకు ముందు నిలబెట్టి, "మన బుట్టల మేడం" అన్నారు. అన్నది హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారి. అంతకుముందు ఆయన నన్ను గానీ, మా షెడ్డును గానీ ఎన్నడూ చూడలేదు. చేతిలో పెట్టిన పూలగుత్తితో ఫొటో దిగాను. ఇంటికి వచ్చాక ఆ శాలువాను బీరువా పైకి విసిరేశాను.

భద్రాచలంలోని ఒక వెదురు శిక్షణ కేంద్రంలో నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. మాది కల్లూరు. నాన్న వడ్రంగి. ఉలి పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుని, తర్వాత చెక్కపనిలో డిప్లొమా చేశాను. కేంద్రంలో బుట్టలు అల్లాం, నిజమే. కుర్చీలు, నిచ్చెనలు, మంచాలు, అడవి ఊళ్ల నుంచి రోగుల్ని మోసుకొచ్చే డోలీలకు బొంగులు కూడా చేశాం. ఒకసారి పద్నాలుగు అడుగుల గాలపు కర్ర చేశాం. సభలో దాని మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఇంకా చాలా చెప్పాల్సి వచ్చేది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఆ చాలా ఏమిటో ఇక్కడ రాస్తున్నాను.

తొక్క కింది నార

చేరిన కొత్తలో నా పై అధికారికి మెరుపు పిచ్చి. కేంద్రంలోంచి బయటికి పోయే ప్రతి వస్తువూ అద్దంలా మెరవాలనేవాడు. వెదురు పైతొక్క నున్నగా ఉంటుంది కాబట్టి దాని మీద వార్నిష్ సరిగా నిలవదు. అందుకని నిచ్చెనల బొంగుల్ని యంత్రం మీద పెట్టి తొక్కంతా గీకించేవాడు.

వెదురు బలమంతా ఆ తొక్కను అంటిపెట్టుకున్న నారలో ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ నార పలచబడి మెత్తటి బెండు మిగులుతుంది. పైది గీకేస్తే చేతిలో మిగిలేది ఆ బెండే. ఈ మాట ఆయనకు చెప్పాను. "మీరు కొత్తగా వచ్చారమ్మా, ముందు నేర్చుకోండి" అన్నాడు.

ఆ నిచ్చెనల్లో ఒకటి విరిగి కరెంటు పని చేసే మనిషి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఎలా జరిగిందని అడగడానికి వచ్చినవాళ్లతో మా అధికారి, "తాగి ఎక్కాడు" అని చెప్పాడు. నేను దవాఖానాకు పోతే ఆ మనిషి భార్య నా చెయ్యి వదల్లేదు. "మా ఆయన చుక్క ముట్టడు మేడం. మీరన్నా చెప్పుండ్రి" అంది. చెప్పాను. అడగడానికి వచ్చినవాళ్లు విన్నారు, తలూపారు, వెళ్లిపోయారు. ఆ మనిషి కుంటుతూ తిరిగినన్నాళ్లూ ఊళ్లో తాగుబోతుగానే మిగిలాడు. నిచ్చెనలు మాత్రం మెరుస్తూనే బయటికి పోయాయి.

అప్పటి నుంచి కొత్త బ్యాచి రాగానే మొదటి రోజే రెండు బద్దలు తీసి, ఒకదాని తొక్క గీకి, రెండూ వాళ్ల చేతులకే ఇచ్చి వంచమనేదాన్ని. గీకినది పుటుక్కున విరిగేది. అది చూసిన పిల్లలకు వేరే పాఠం అవసరం లేకపోయేది. అధికారుల్ని పిలిచి వంచమనే అధికారం నాకు లేదు.

ప్రభుదాసన్న

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, ఒక చలికాలం మొదట్లో, కొత్తగూడెం నుంచి ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. పేరు ప్రభుదాసు. బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. పొడవాటి గుడ్డసంచిలోంచి విరిగిన గాలపు కర్ర ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, గిది నాకు పని నేర్పిన దొర ఇచ్చిపోయిండు. ఒక్క చేతితోటి విసిరేది. బాయిల పైకప్పు కూలినప్పుడు నా కుడి రెట్ట పోయింది. చెయ్యి గింతకంటె పైకి లేవదు" అని చూపించాడు. చెయ్యి ఛాతీ ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. "రెండు చేతులతోటి పట్టుకునే కర్రలుంటయట. గది చేసిస్తరా?"

అలాంటిది నేను చూడనైనా లేదని చెప్పాను. ఆయన నన్ను వాకిట్లోకి తీసుకుపోయి, ఒక మామూలు బొంగుకు లావుపాటి తాడు కట్టి విసిరి చూపించాడు. ఆయన గాలానికి వానపాము గుచ్చడు. కోడి ఈకలు, మేక వెంట్రుకలు దారంతో బిగించి చిన్న చేపలా కడతాడు. దానికి బరువుండదు కాబట్టి దూరం పోదు. అందుకని తాడునే బరువుగా చేస్తారు. కర్రను వెనక్కి వంచి, ముందుకు విదిలిస్తే తాడు గాలిలో సాగుతూ ఆ ఈకల చేపను మోసుకుపోతుంది. కర్రకు రెండు పిడులుంటే పై చెయ్యి ఆసరాగా నిలుస్తుంది, కింది చెయ్యి పొట్ట వైపు లాగుతుంది, పడవలో తెడ్డు వేసినట్టు. భుజం ఎత్తాల్సిన పనే లేదు.

"దేనికన్నా అంత పెద్ద కర్ర?" అని అడిగాను.

"వాలుగకు. గోదావరిల నీళ్లు తేరినంక రాళ్ల పక్కపొంటి పండుకుంటయి. మనిషి కాలంత ఉంటయి. చిన్నగ గుంజితే రావు."

కేంద్రం బయటి ఆర్డర్లు తీసుకునేది. ఆ ఆర్డరు కూడా అలాగే ఆయన పేరు మీద తీసుకున్నాం. ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది.

చేసిన తీరు

కావాల్సింది లోపల గుల్ల తక్కువగా ఉండే గట్టి వెదురు. ముదిరినది కావాలి, నీళ్లు ఆరిన కాలంలో కొట్టినది కావాలి. అటవీ శాఖ వెదురు డిపోకు పోతే వానల్లో కొట్టి మట్టిలో పడేసిన లేత బొంగులు చూపించారు. సగానికి పురుగు పట్టింది. "బొంగు బొంగే గద మేడం" అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ మాట నా ఉద్యోగంలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. డిపోలు నడిపేవాళ్లు, కొనేవాళ్లు, చివరికి శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా అంటారు. ఆ మాట అన్నవాడి చేతికి మీ పని అప్పగించకండి. నేను వట్టి చేతులతో తిరిగొచ్చి, షెడ్డు అటక మీద అంతకుముందు ఏడాది నుంచి ఆరబెట్టుకున్న బొంగులే దించాను.

బొంగును బద్దలుగా చీల్చి, కణుపుల దగ్గర వంకరల్ని బొగ్గుల సెగ మీద సరిచేశాం. మొక్కజొన్న కంకి కాలిన వాసన వచ్చేదాకా కాచి, వెంటనే బిగించి పట్టాలి. ఇంకాస్త కాస్తే నార చచ్చిపోతుంది. తర్వాత ఒక్కో బద్దను మూడు మూలలుగా చిత్రిక పట్టాలి. అలాంటివి ఆరు కలిపి జిగురు పెట్టి కడితే లోపల సందు లేని ఆరు పలకల కర్ర అవుతుంది. బద్ద మొదట్లో లావుగా, కొసకు అగ్గిపుల్లంత సన్నగా రావాలి. పైతొక్కను మాత్రం చిత్రిక తాకకూడదు.

బద్దను పెట్టి చిత్రిక పట్టడానికి ఇనుప గాడి కావాలి. అది చేసిచ్చింది ఖాదర్ భాయ్. బస్టాండు వెనకాల లేతు మిషను షెడ్డు ఆయనది. రెండు ఇనుప పట్టీల్ని పక్కపక్కన బోల్టులతో బిగించి, మధ్యలో గాడి తీశాడు. బోల్టు తిప్పితే గాడి వెడల్పు మారుతుంది. ఆయనకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. "చేపలు పట్టుటానికి గింత కథనా మేడం? గిదే బజార్ల కొనుక్కుంటే అయిపాయె" అని రోజూ అనేవాడు. అంటూనే ఇత్తడి గొట్టాలు తిప్పి, మూడు ముక్కలుగా విప్పుకునే కర్రకు అతుకులు విదిలించినా జారనంత బిగువుగా చేశాడు.

మొదట చేసిన కొస ముక్క పాడయింది. కేంద్రం కొన్న జిగురు చెమ్మకు విడిపోయింది. అప్పటికి కేంద్రానికి వచ్చిన మా కొత్త మేనేజరుకు చెబితే, "అందరూ అదే జిగురు వాడుతున్నారు కదా మేడమ్" అన్నాడు. అందరూ చేసేది పూలకుండీలు. కుండీకి వంగే పని లేదు. ఖాదర్ భాయ్ పడవలకు పూసే, రెండు డబ్బాల్లోది కలిపి వాడే జిగురు తెచ్చిపెట్టాడు. కొస మళ్లీ చేశాం.

పిడులు బొమ్మలు చేసే పొనికి కర్రతో చేశాం, తేలిగ్గా ఉంటుందని. పై పిడి మూరకు మించిన పొడవు, కింది పిడి జానెడు. మధ్యలో తాడు చుట్టుకునే గిలక. వెదురు మాత్రం రెండు పిడుల్లోంచీ అడుగుదాకా ఒకటే ముక్కగా పోవాలి. చేప లాగే బరువంతా చివరికి వచ్చి ఆగేది ఆ జానెడులోనే.

నీళ్లు తేరిన రోజుల్లో ఇసుక మీదికి తీసుకుపోయి విసిరి చూశాం. మొదట రెండు మూడుసార్లు తాడు ఆయన కాళ్ల దగ్గరే కుప్పపడింది. తర్వాత ఒకసారి కుడి చెయ్యి కింది పిడి మీద ఉంచి పొట్ట వైపు లాగాడు. తాడు లేచి, సాగి, పడవవాళ్లు తెడ్లు ఆపి చూసేంత దూరం పోయి వాలింది. ప్రభుదాసన్న వెనక్కి తిరగలేదు. తాడు చుట్టుకుంటూ, "అవ్, వస్తున్నది" అన్నాడు. నేను ఇసుకలోకి చూస్తూ నిలబడ్డాను.

అతుకులకు, దారపు కట్లకు ఆఖరి పూత వార్నిష్ వెయ్యాలని, అది ఆరడానికి ఇంకొన్నాళ్లు కావాలని చెప్పి కర్రను షెడ్డులోనే ఉంచుకున్నాను. ఆ రోజే ఇచ్చి పంపాల్సింది.

రంపం

మా అక్కకు ఆపరేషనని ఖమ్మం పోయి, సెలవు ముగిశాక వచ్చాను. కర్ర వేలాడదీసిన కొక్కెం ఖాళీగా ఉంది. కోత బల్ల కింద పొట్టులో కింది పిడి పడి ఉంది. మొదలు సహా కోసేశారు. కోసిన చోట ఆరు బద్దల అంచులూ తెల్లగా కనిపిస్తున్నాయి.

బల్ల దగ్గర పనివాడు నా మొహం చూసి వెనక్కి జరిగాడు. "సార్ కొయ్యమన్నడు మేడం. అద్దాల పెట్టెల పడ్తలేదని" అన్నాడు.

హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శన. మేనేజరు కర్రకు అద్దాల పెట్టె చేయించాడు. పెట్టె కొలత తప్పింది. పెట్టె మార్చకుండా కర్రను కోశాడు.

నాతోపాటు శిక్షణ ఇచ్చే కన్నమ్మను వెంటబెట్టుకుని ఆ రాత్రి బస్సుకే బయల్దేరాను. కన్నమ్మది దుమ్ముగూడెం వైపు కోయ ఊరు. ప్రదర్శనలో మా స్టాలు ముందు నిలబడి పెట్టె మీది అట్టను ఆమే పైకి చదివింది: గిరిజనుల సంప్రదాయ గాలపు కర్ర.

"మేమెప్పుడు పట్టినం గిసోంటిది?" అంది నాతో. "మా ఊర్ల వలలు, బుట్టలు. ఎవ్వల్నడిగి రాసిన్రు?"

సరిగా ఆరని వార్నిష్ మీద దుమ్ము, వేలిముద్రలు. మేనేజరు ఎవరికో కరపత్రాలు పంచుతున్నాడు. పక్కకు పిలిచాను.

"అది ప్రభుదాసు గారి ఆర్డరు సార్."

"కేంద్రంలో చేసింది కేంద్రానిదే మేడమ్."

"మూడు ముక్కల కర్ర అది. విప్పి పెడితే ఎంత పెట్టెలోనైనా పడుతుంది."

"ముక్కలుగా పెడితే ఎవరు చూస్తారు?"

"ఆ పిడి లేకపోతే ఆయన విసరలేడు. ఆయనకు భుజం లేదు. దాని కోసమే అది చేసింది."

"జానెడు ముక్క మేడమ్. తర్వాత అతికిద్దాం" అని ఆయన వచ్చినవాళ్ల వైపు తిరిగాడు.

నా జీవితంలో చాలామంది తెలివితక్కువ అధికారుల్ని చూశాను. తెలియక చేసేవాడితో వేగొచ్చు. చెప్పాక కూడా అక్కర్లేదనుకునేవాడితో వేగలేం. ఆయన చదువుకున్నవాడే, మర్యాదగానే మాట్లాడతాడు. ఆయనకు కర్ర అక్కర్లేదు, భుజం పోయిన మనిషి అంతకన్నా అక్కర్లేదు. పెట్టె నిండితే చాలు. ప్రదర్శన చివరి రోజున కర్రను ఎవరో పెద్ద అతిథికి కానుకగా ఇచ్చేశాడు.

నేను సెలవుకు ముందు పంపిన కబురు మేరకు ప్రభుదాసన్న కర్ర తీసుకుపోదామని బస్సు దిగి వచ్చాడు. ఏం చెప్పాలో తెలియక కోసిన ముక్క ఆయన చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"పోనీ తియ్యమ్మా. బాయిల రెట్టే పోయింది. గిదెంత."

"పోనీ అనకన్నా" అని అరిచాను. షెడ్డులో పని ఆగిపోయింది. "మీరు పోనీ అంటే వాళ్లు రేపు ఇంకోటి కోస్తారు. రెట్ట పోయినప్పుడు కూడా ఇట్లనే పోనీ అన్నారా?"

"అవునమ్మా, గట్లనే అన్న" అన్నాడు. "అప్పుడు గదే తప్పు చేసిన." ముక్కను బల్ల మీద పెట్టాడు. "మరి గిప్పుడేం జేద్దమంటవ్?"

"మీ కర్ర మీకు తెచ్చిస్తాను" అన్నాను. ఎట్లా తేవాలో నాకే తెలియదు.

తిరిగొచ్చిన కర్ర

దారి ఆ కర్రను కానుకగా పుచ్చుకున్న పెద్దమనిషే చూపించాడు. తన తోటలోని చెరువులో కర్రతో విసరబోతే చేతులు నొప్పి పుట్టాయట. కోసిన చోట చెమ్మ పట్టి బద్దలు విచ్చుకోవడం మొదలైంది. ఎండాకాలం మొదట్లో కర్ర జీపులో మా కేంద్రానికి మరమ్మతుకు వచ్చింది.

"పెద్దాయనకు తొందరగా కావాలి మేడమ్. ఆ ముక్కేదో అతికించేయండి" అని మేనేజరు నా బల్ల మీద పెట్టాడు.

"సరే సార్" అన్నాను.

ఖాదర్ భాయ్ కోసిన మొదలును చూసి, ప్రదర్శన చేసినవాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. విచ్చిన బద్దలకు జిగురు ఎక్కించి, దారంతో బిగించి, పొడవాటి ఇత్తడి గొట్టం తొడిగి దానికి పాత పిడిని కూర్చాడు. "బరువైతది మేడం. కని ఊడదు. ఊడితె నా షెడ్డు మూసుకుంట" అన్నాడు. ముందున్నంత అందంగా వంగదని ఇద్దరికీ తెలుసు. ఇత్తడి ఉన్నంత మేరా కర్ర మొద్దులా నిలుస్తుంది. అతికించినది ఎన్నటికీ ఒక్క ముక్క కాదు. ఈ మాట కూడా పిల్లలు గుర్తుపెట్టుకోండి, తర్వాత అతికిద్దామనే ప్రతివాడూ మీకు చెప్పని సంగతి ఇది.

ఖాదర్ భాయ్ షెడ్డులోంచే ప్రభుదాసన్నకు ఫోను చేయించాను. ఆయన వచ్చి, సంచిలో పెట్టుకుని తీసుకుపోయాడు.

కొన్నాళ్లకు మేనేజరు కర్ర ఏదని అడిగాడు. "ఎవరి కర్ర వాళ్లకిచ్చాను" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ప్రభుదాసన్న రోజూ వచ్చి రేవు దగ్గరే ఉంటున్నాడని ఎవరో ఆయనకు చెప్పారు. నన్ను జీపు ఎక్కమన్నాడు. "మీరే ఇచ్చారు, మీరే అడిగి తీసుకోండి" అన్నాడు. ఎక్కాను.

రేవుకు కాస్త కింద, రాళ్లున్న చోట, ప్రభుదాసన్న నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. కర్ర విల్లులా వంగి ఉంది. తాడు నీళ్లను కోస్తూ ఎదురెక్కుతోంది. ఒడ్డున పడవలు ఆపి నలుగురైదుగురు చూస్తున్నారు. మేనేజరు బూట్లతోనే ఇసుకలో దిగి, "ఏమయ్యా, ఆ కర్ర ఇటివ్వు. అది కేంద్రానిది" అన్నాడు.

ప్రభుదాసన్న తల తిప్పలేదు. "రెండు చేతులు ఖాళీ లెవ్వు సార్. జర ఆగుండ్రి" అన్నాడు.

మేనేజరు ఆగాడు. చేప లాగినప్పుడల్లా ప్రభుదాసన్న ఒక్కో అడుగు కిందికి నడిచాడు. అది నిలిచినప్పుడల్లా కుడి చేత్తో కింది పిడిని పొట్టకు అదుముకుని వెనక్కి వాలాడు. నేను చూసింది చేపను కాదు, ఇత్తడి అతుకును. కదలలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మేనేజరు రుమాలు తల మీద వేసుకున్నాడు.

పడవవాళ్లలో ఒకతను అడిగాడు. "ఏంది సార్, చేప గావాల్నా?"

"చేప కాదు. కర్ర."

"కర్ర ఆయనది గద? ఇసుకల విసిరి చూసిన నాడు మేమున్నం."

వాలుగ నీళ్ల అంచుకు వచ్చింది. వెడల్పాటి నోరు, పలకలా బల్లపరుపు తల, నిజంగానే మనిషి కాలంత ఉంది. ఇద్దరు పడవవాళ్లు దిగి దవడల కింద పట్టి ఒడ్డుకు లాగారు. ప్రభుదాసన్న నీళ్లలోంచి వచ్చి, కర్రను ఇసుకలో నిలబెట్టి, కింది పిడి మీది నుంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు. "ఏందో అంటున్రు సార్?"

మేనేజరు ఆయన్ని చూశాడు, పడవవాళ్లను చూశాడు, నన్ను చూశాడు. "ఏం లేదు" అని జీపెక్కి వెళ్లిపోయాడు. నన్ను ఎక్కించుకోలేదు. పడవవాళ్లు అక్కడే చేప కోసి నాకూ ఒక ముక్క ఆకులో చుట్టి ఇచ్చారు. నడుచుకుంటూ ఇంటికి పోయాను.

ఆ నెల తిరగకముందే నన్ను వైరాలోని గోడౌనుకు మార్చారు. కొన్నేళ్లపాటు పనిముట్లు లెక్కపెట్టడమే నా పని. పాఠం చెప్పనివ్వలేదు. ప్రభుదాసన్న ఆ అతుకు కర్రతోనే ఇంకా కొన్ని చలికాలాలు వాలుగలు పట్టాడు, తర్వాత చూపు తగ్గి మానేశాడు. మేనేజరు మెట్టు మీద మెట్టు ఎక్కి, గౌరవంగా రిటైరయ్యాడు.

ఆయన్ని మళ్లీ ఖమ్మంలో ఒక పెళ్లిలో చూశాను. భోజనాల దగ్గర నా ఎదురుగానే కూర్చున్నాడు. గుర్తుపట్టి, పక్కనవాళ్లకు నన్ను పరిచయం చేస్తూ నవ్వాడు. "ఒక్క జానెడు ముక్కకు ఈ మేడమ్ నన్ను ఎండలో నిలబెట్టారండీ." వాళ్లూ నవ్వారు.

"ఆ జానెడు కోస్తే ఆయన విసరలేడని అప్పుడే చెప్పాను సార్" అన్నాను. "ఇప్పుడైనా అర్థమైందా?"

ఆయన వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, నా విస్తట్లో ఇంకో లడ్డు వెయ్యమన్నాడు.

నేను విస్తరి మడిచి లేచాను.